ఫ్యాన్ ఆపకు, లోపల మనిషున్నాడు

పెత్రిలా,
నవంబరు 9, ఆదివారం

రెముస్ అన్నకు,

మన ఫ్లాట్ల మెట్లదారిలో ప్రతి ఇంటినీ దోచుకుంటున్నది ఇంటర్నెట్ కంపెనీ. ఈ ఊళ్ళో దానికి చెయ్యీ కాలూ ఏజెంటు మిర్చా బోగ్జా. ముందు ఈ పేర్లు గుర్తుపెట్టుకుని తర్వాత మిగతాది చదువు.

వేసవిలో నువ్వు వ్యానులో తెచ్చి గడప గడపకీ దింపిన కంప్యూటర్లు చచ్చిపోతున్నాయి. ఒకటి కాదు, అన్నీ. టిమిషోరాలో ఏదో ఆఫీసువాళ్ళు పారేస్తుంటే నువ్వు తెచ్చి, తుడిచి, ప్రాణం పోసి ఇచ్చావు. గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళకి అలాంటి వస్తువు ఇంకెవడిచ్చాడు? "గనులు మూసేవాళ్ళు మనకి చీకటిచ్చారు, రెముస్ ఒక్కడు కిటికీ ఇచ్చాడు" అని నేను కరపత్రంలో రాసింది ఇంకా మెట్ల దగ్గర గోడకి అంటుకునే ఉంది. ఆ కిటికీకి ఇప్పుడు ఎవడో బురద పూస్తున్నాడు.

మౌసు కదిపితే బాణం గుర్తు ఆలోచించుకుని ఆలోచించుకుని కదులుతుంది. డొమ్నికా అత్త సినిమా పెట్టుకుంటే పెదాలు ఒకచోట, మాట ఇంకోచోట. కింది ఇంటి షాండోర్ తాత బుడాపెస్టు వాడెవడితోనో చదరంగం ఆడతాడు కదా, "నేను గుర్రాన్ని జరిపేలోగా నాకు ఇంకో పన్ను ఊడింది" అంటున్నాడు. డబ్బా లోపల ఫ్యాన్ గింగిర్లు తిరుగుతుంది. పక్కన చెయ్యి పెడితే పొయ్యిలా ఉంది.

ఇవన్నీ నేను భరిస్తాను. ఆదివారం సాయంత్రం నాలుగింటిది మాత్రం భరించలేను. ఆ వేళకి అమ్మ ఇటలీలో తను కూలికి చూసుకునే ముసలాయన్ని పడుకోబెట్టి తెర ముందు కూర్చుంటుంది. నాన్న గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని ఇక్కడ కూర్చుంటాడు. ఫోనులో ఆయన మాట్లాడలేడని నీకు తెలుసు. మూడు మాటలకి దగ్గు. తెర మీదైతే చెయ్యెత్తి ఆగమంటాడు, ఆమె ఆగుతుంది, దగ్గు తీరాక ఆయన మళ్ళీ మొదలుపెడతాడు. ఆ చెయ్యి కనపడకపోతే వాళ్ళిద్దరి మధ్య సంసారమే లేదు. ఇప్పుడు ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోతోంది. బొమ్మ కదలదు.

కరపత్రాల్లో చదివినదంతా నా కళ్ళ ముందే జరుగుతోంది. మనకి అమ్మిన దారిని వాళ్ళే సగం మూసేసి, ఇంకా పెద్ద దారి కొనుక్కోమని మళ్ళీ మన గుమ్మానికే వస్తారు. ఇరవయ్యో తారీకు గురువారం ఆరింటికి బోగ్జా దుకాణం ముందుకి అందర్నీ రమ్మన్నాను. అంతలోగా నువ్వు ఈ యంత్రాలు ఎలా తేలికపడతాయో రాయి.

కాగితం మీద ఎందుకంటావా? ఈ-మెయిలు తెరుచుకునేలోగా టీ పెట్టుకుని తాగేశాను, ఇంకా తెల్లగానే ఉంది. ఫోనంటావా, ఫోనులో అన్నమాట నేననలేదని ఎవడైనా అనగలడు. కాగితం దగ్గర ఆ పప్పులు ఉడకవు. టిమిషోరా మినీబస్సు డ్రైవరు నెలు చేతికిస్తున్నాను. దీంతోపాటు నాన్న కాల్చి పెట్టిన వంకాయ పచ్చడి సీసా ఉంది. దారిలో నెలు తినకపోతే నీకు అందుతుంది.

నోరోక్ బున్. (నాన్న రాయమన్నాడు. "గనిలోకి దిగేవాడికైనా పట్నం పోయినవాడికైనా మంచి జరగాలని చెప్పాలి కదరా" అంటున్నాడు.)

నీ తమ్ముడు,
సెవెర్


టిమిషోరా,
నవంబరు 17

ఒరేయ్ సెవెర్,

ఈ రోజుల్లో కవరులో ఉత్తరమేంట్రా! మా గదిలోవాళ్ళు చుట్టూ చేరి "మ్యూజియం నుంచి వచ్చిందా?" అని అడిగారు. అయినా నీ కోసం పెన్ను కొనుక్కొచ్చాను చూడు. పచ్చడి ఒక్క పూటలో అయిపోయింది. నెలు మూత తీశాడనే నా అనుమానం.

ఇక నీ రోగి సంగతి. కంగారు పడకు. పాత యంత్రాలకి వచ్చే జబ్బులే ఇవి. ముందు పక్క రేకు విప్పి దుమ్ము దులుపు. ప్రాసెసర్ మీద రాసే పేస్టు ఎండిపోయి ఉంటుంది, పాతది గీకి కొత్తది గోధుమ గింజంత రాయి. కంప్యూటర్ లేవగానే తమంతట తామే లేచే ప్రోగ్రాములు బోలెడుంటాయి, అక్కర్లేనివి ఆపెయ్. వైరస్‌లు పట్టేవి రెండు పెట్టుకుంటే అవి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, ఒకటి తీసెయ్.

కంపెనీల సంగతి నాకు తెలీదా? లైను పిండేస్తారు. గురువారం నువ్వు అనుకున్నది కానియ్. నాలుగు తగిలిస్తేగాని వాళ్ళకి ఎక్కదు.

రెండు జాగ్రత్తలు. విండోస్ చెరిపి మళ్ళీ ఎక్కించకు, ఆ లైసెన్సులు మళ్ళీ దొరకవు. రెండోది, మాటిమాటికీ ఆపి వెయ్యకు. ముసలి యంత్రం ఒకసారి ఆగితే మళ్ళీ లేస్తుందో లేదో. రాత్రిళ్ళు కూడా అలా వదిలెయ్. బాబాయ్‌కి తెలుసులే, మీ నాన్ననే అడుగు.

ఇంకో మాట. "కామ్రేడ్" అని కరపత్రాల్లో రాస్తున్నావట. బాబాయ్ కంటపడితే చెవి మెలేస్తాడు, పాత సర్కారు రోజుల్లో ఆ మాటతో ఆయన చాలా చూశాడు.

రెముస్


పెత్రిలా,
నవంబరు 30

అన్నా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. రేకు విప్పితే పిడికెడు దుమ్ము వచ్చింది. నాన్న చూసి, "దీన్ని పారెయ్యకురా, డాక్టరుకి చూపిద్దాం. నా ఛాతీ ఫోటో అచ్చం ఇలాగే ఉంటుంది" అన్నాడు. పేస్టు మార్చాను. తమంతట తామే లేచేవాటిని నరికేశాను. ఒక్క రోజు కాస్త ఊపిరి పీల్చుకుంది. మర్నాటికి మళ్ళీ అదే రొప్పు.

గురువారం సంగతి చెప్పాలి. పద్దెనిమిది మంది వచ్చారు, మంచు పడుతున్నా. నేను మెట్టెక్కి మాట్లాడాను. బోగ్జా పేరు పెట్టి దొంగ అన్నాను, వాళ్ళమ్మాయి కౌంటరు వెనకాల ఉండగానే. మర్నాడు బోగ్జా ఒక్కడూ మా ఇంటికొచ్చాడు. తిడతాడనుకుని చొక్కా చేతులు మడిచి సిద్ధంగా ఉన్నాను. వాడు బూట్లు విడిచి, సంచీలోంచి మీటరు తీసి, లైను కొలిచి, నాకేసి చూశాడు. "లైను శుభ్రంగా ఉందయ్యా, కవిగారూ. నా తీగ పరుగెడుతోంది, నీ డబ్బా కుంటుతోంది. జబ్బు ఎవరిదో చూసుకుని మందు పొయ్యి" అన్నాడు. నాన్న వాడికి ప్లమ్ పళ్ళ సారా పోసి పంపించాడు. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు అసలు వింత విను. ఏ ప్రోగ్రాము ఎంత ప్రాసెసర్ తింటోందో చూపించే జాబితా ఉంది కదా, టాస్క్ మేనేజరు. అది తెరవగానే ఫ్యాన్ సద్దుమణుగుతోంది. జాబితాలో అంతా సున్నా, సున్నా, రెండు. మూసేశానా, గుక్క తిప్పుకోకుండా మళ్ళీ గింగిర్లు. చూస్తున్నంతసేపూ పనిలేనట్టు కూర్చుని, మొహం తిప్పగానే మొదలెడుతోంది! నేను ఆ జాబితా తెరిచి పక్కకి నెట్టి ఉంచాను. యంత్రం గుర్రంలా నడిచింది. దీని అర్థమేమిటి? లోపల ఎవడో ఉన్నాడు, వాడికి కళ్ళున్నాయి.

నాన్న మాత్రం ఆపనివ్వడు. ఎందుకంటే చెప్పడు. "అది నాకూ రెముస్‌కీ మధ్య మాట. తిరగనియ్" అంటాడు. మీ ఇద్దరి మధ్య మాటేమిటి అన్నా?

పోయిన ఆదివారం అమ్మ ఏదో అడగబోయింది. "ఆవ్రామ్, ఒక్క సంగతి చెప్పు..." అని వినపడింది, ఆ తర్వాత బొమ్మ ఆగిపోయింది. నోరు సగం తెరిచి ఉంది. నాన్న చెయ్యెత్తి, "వియోరికా, వినపడటంలేదు, వియోరికా" అని దగ్గుతూ అంటూనే ఉన్నాడు. బొమ్మ తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. "సరేలే. అర్థమైంది" అని ఆపేసింది. ఏమర్థమైందో మాకు అర్థం కాలేదు. ఫోను చేసి అడిగితే "ఏం లేదు నాన్నా, జలుబు" అంటోంది.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

సెవెర్


టిమిషోరా,
డిసెంబరు 8

తమ్ముడూ,

భలే కనిపెట్టావు. నీ బుర్ర కరపత్రాలకి ఇచ్చేశావుగాని మా రిపేరు కొట్లో పెట్టుంటే ఈపాటికి నన్ను మించేవాడివి. ఆ జాబితా కిటుకు ఇంకెవరికైనా చెప్పావా? చెప్పకు. ముసలాళ్ళు ఏది పడితే అది నొక్కి పాడుచేస్తారు.

అందులో వింతేం లేదు. పాత విండోస్ అంతే, ఒక పని చేస్తుంటే ఇంకోటి ఆపుతుంది. ఆదివారాలు అలా తెరిచిపెట్టుకుని మాట్లాడుకోండి.

బాబాయ్ మాట వదిలెయ్. నవ్వులాటకి ఏదో అన్నాను, ఆయన గుర్తుపెట్టుకున్నాడు. పిన్ని బాగానే ఉంది, దిగులు పడకు. చలికాలం అందరికీ కళ్ళు నీళ్ళు కారతాయి.

బయట రిపేరువాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకు. నాకు కొంచెం టైమివ్వు, ఈస్టర్‌కి వచ్చి నేనే చూస్తా. బోగ్జా సంగతి నవ్వొచ్చింది.

రెముస్


పెత్రిలా,
జనవరి 25

రెముస్,

ఈసారి నింపాదిగా రాద్దామని మూడు కాగితాలు చింపాను. కుదరటంలేదు.

నీ ఉత్తరం వచ్చాక ఒక్క ఆదివారం, ఒకే ఒక్కటి, తెర నీళ్ళలా నడిచింది. జాబితా పక్కన తెరిచిపెట్టాను. అమ్మ స్పష్టంగా కనపడింది. కాని ఆమె ఇంటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడలేదు. ఆసుపత్రిలో డాక్టరుకి చెప్పినట్టు చెప్పింది: తిన్నాను, నిద్రపోయాను, ఇక్కడ వాన. నాన్న గడ్డం గీసుకున్నది కూడా ఆమె చూడలేదు. నాన్న, "ఆమెకి నామీద కోపమెందుకురా?" అని నన్నడిగాడు. నేనేం చెప్పను?

ఆ తర్వాతి ఆదివారం నుంచి కిటుకు పనిచెయ్యలేదు. జాబితా తెరిచినా ఫ్యాన్ ఆగదు. ప్రాసెసర్ నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు వాడకంలో ఉందని పైన రాసి ఉంటుంది, ఎవరు వాడుతున్నారో కింద ఎక్కడా ఉండదు. మన మెట్లదారిలో ఏ ఇంట్లో చూసినా అదే. లోపలివాడికి నా కిటుకు తెలిసిపోయింది.

నేను ఆ కిటుకు ఎవరికి చెప్పాను, రెముస్? షాండోర్ తాతకి చెప్పలేదు. నాన్నకి చెప్పినా అర్థం కాదు. అమ్మకి చెప్పలేదు. కాగితం మీద రాసి, కవరు అంటించి, నెలు చేతికిచ్చాను. ఆ కవరు చింపింది ఒక్కడే.

చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని నువ్వు నాకు నేర్పినవి గుర్తున్నాయా? పక్క మెట్లదారి పిల్లలు మనల్ని వాకిట్లో చూడగానే ఆట ఆపేసి బంతి దాచేస్తే, నువ్వు నాకు డొమ్నికా అత్త కండువా చుట్టి, గుర్తుపట్టకుండా పంపించేవాడివి. నేను అదే చేశాను. టాస్క్ మేనేజరుకి నకలు తీసి, పేరు మార్చి, "సర్మాలే" అని పెట్టాను. క్యాబేజీ ఆకు చుట్టలకి ఎవడు భయపడతాడు? తెరిచాను. వాడు దాక్కోలేదు. అన్నిటికంటే పైన కూర్చుని ఉన్నాడు, నూటికి తొంభై ఆరు తింటూ. వాడి పేరు చదివి నేను కుర్చీలోంచి లేచిపోయాను.

మినెర్.

గనిలోకి దిగేవాణ్ణి మనం పిలుచుకునే మాట. మా నాన్న పింఛను కార్డు మీద రాసిన మాట. మీ నాన్న సమాధి మీద చెక్కిన మాట.

నాన్నని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఏం చేశాడో తెలుసా? మురిసిపోయాడు. "ఆఁ, వీడే! రెముస్ నాకు చెప్పాడు. 'బాబాయ్, లోపల ఒక మినెర్‌ని దించాను, మీ కోసం తవ్వుతుంటాడు, వాడు లోపలుండగా మాత్రం ఆపొద్దు' అన్నాడు. నాకు తెలీదట్రా? ఫ్యాన్ తిరుగుతోందంటే లోపల మనిషున్నట్టు" అన్నాడు. షాండోర్ తాతనడిగాను, ఆయనకీ అదే చెప్పావు. పొద్దున లేవగానే డబ్బా మీద తట్టి "నోరోక్ బున్, తమ్ముడూ" అంటాడట. ప్రతి ఇంట్లోనూ అదే చెప్పావు. వేసవి నుంచి వీళ్ళెవ్వరూ ఆపలేదు. ఆపకపోవడమే కాదు, కాపలా కాశారు.

నేను చదువుకున్నాను, రెముస్. వేరేవాళ్ళ ప్రాసెసర్లతో లెక్కలు చేయించి, గాలిలో పుట్టే నాణేలు తవ్వి, తవ్వించినవాడి జేబులో వేసే ప్రోగ్రాములుంటాయట. వాటినీ మినెర్ అనే అంటారట.

నువ్వు కాదని రాయి. నీ మీద ఎవడో కుట్ర చేశాడని రాయి, నమ్ముతాను. నమ్మడానికి సిద్ధంగా కూర్చుని ఉన్నాను.

సెవెర్


టిమిషోరా,
ఫిబ్రవరి 2

సెవెర్,

నేనే.

అరిచేముందు విను. కొట్టు మూసేశారు, నీకు చెప్పలేదు. గది ఖాళీ చెయ్యమన్నారు. మాతో పనిచేసినవాళ్ళంతా ఇలా నాణేలు తవ్వించుకునే బతుకుతున్నారు. ఆ కంప్యూటర్లు పనిలేక కూర్చునేవి, రోజుకి గంట చదరంగం, గంట సినిమా. మిగతా వేళల్లో కాస్త పనిచేస్తే ఎవరి సొమ్ము పోయింది? తెచ్చిందీ నేనే, ఇచ్చిందీ నేనే. నేనివ్వకపోతే పిన్ని ముఖం బాబాయ్ ఎక్కడ చూసేవాడు?

పైగా నేను దాచలేదు. ఇంటింటికీ తిరిగి చెప్పాను, లోపల మినెర్ ఉన్నాడని. నవ్వారు. ఏం తవ్వుతాడని ఒక్కరూ అడగలేదు. అది నా తప్పా?

మొదట్లో కొంచెమే తినేట్టు పెట్టాను. శరదృతువులో పెంచాను, అది పొరపాటే. తగ్గిస్తాను. నువ్వు ఏమీ పీకకు, ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా బాబాయ్‌కి. ఆయన గుండె తట్టుకోదు. కరపత్రాలతో నీ కడుపు నిండుతుందేమో, నాకు నిండదు.

ఈస్టర్‌కి వస్తాను. అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం.

రెముస్


పెత్రిలా,
ఫిబ్రవరి 10, మంగళవారం

రెముస్,

మన మెట్లదారిలో ప్రతి ఇంటినీ దోచుకున్నవాడు రెముస్. గావ్రిల్ కొడుకు, ఆవ్రామ్ పెంచిన పిల్లాడు, నాకు అన్న. నవంబరులో నేను పేరు తప్పు రాశాను. మొన్న బోగ్జా దుకాణానికి వెళ్ళి, వాళ్ళమ్మాయి ముందే క్షమించమన్నాను. "నన్ను దొంగంటే నవ్వొచ్చింది. ఇప్పుడు నీ మొహం చూస్తే నవ్వు రావటంలేదు" అన్నాడు.

దాచలేదని రాశావు. చూసేసరికి నక్కినవాడు, కిటుకు తెలియగానే టిమిషోరాలో కూర్చునే దాన్ని మూసేసినవాడు దాచలేదా? నా ఉత్తరం చదివి, నా బుర్రని పొగిడి, అదే చేత్తో నా కళ్ళు పొడిచావు. అంతకంటే ముందు, బోగ్జాని తిట్టమని నన్ను ఎగదోశావు. నేను నా నోటితో ఒక అమాయకుణ్ణి దొంగన్నానే, ఆ నోరు నువ్వు వాడుకున్నది. మా ప్రాసెసర్ ఒక్కటే కాదు.

దీన్నంతా ఒక గుక్కలో మింగేవాడినేమో. ఒక్కటి మింగుడు పడలేదు. అమ్మకి ఫోను చేశాను. జలుబు మాట వద్దు, నిజం చెప్పమని అరిచాను. చెప్పింది.

నవంబరులో ఆ ముసలాయన పోయాడు. ఆ ఆదివారం ఆమె అడిగింది ఇదీ: "ఆవ్రామ్, ఒక్క సంగతి చెప్పు. ఇంటికి వచ్చెయ్యనా, పనికి ఇంకో ఇల్లు చూసుకోనా?" అడిగి ఎదురు చూసింది. అవతల నాన్న ముఖం కదల్లేదు. పక్కకి తిరిగి, కళ్ళు దించుకుని ఉన్న ముఖం అలాగే ఉండిపోయింది. ఆయన చెయ్యెత్తడం ఆమెకి కనపడలేదు. తన మొగుడు రమ్మనలేక తల దించుకున్నాడని ఆమె అనుకుంది.

అప్పుడు ఆమె నీకు ఫోను చేసింది, ఈ యంత్రాలన్నీ నీ చేతిమీదుగా వచ్చినవని. "రెముస్, బొమ్మ ఆగిపోయిందా, ఆయనే అలా ఉండిపోయాడా?" అని అడిగింది. బొమ్మ ఆగుతోందని ఒక్క మాట చాలు. ఎందుకు ఆగుతోందని ఆమె తిరిగి అడుగుతుందని నీకు భయం. "యంత్రం బాగానే ఉంది పిన్నీ, బాబాయ్‌కే ఏం చెప్పాలో తోచి ఉండదు" అన్నావు.

అని, నాకు "పిన్ని బాగానే ఉంది" అని రాశావు.

నువ్వు దొంగిలించింది కరెంటు కాదు. ఒక ముసలాయన తన భార్యకి చెప్పాల్సిన జవాబు.

చలికాలమంతా ఆమె ఎవరింట్లోనో రోజుకూలిగా గడిపింది. ఇప్పుడు ఒక కుటుంబం రెండేళ్ళ పనికి రమ్మంటోంది. వచ్చే సోమవారంలోగా అవుననో కాదనో చెప్పాలి. "నాన్న నిన్ను రమ్మంటున్నాడమ్మా, నేను చెబుతున్నాగా" అన్నాను. "నువ్వు చెబితే నువ్వు చెప్పినట్టు. ఆయన నా మొహం చూసి చెప్పాలి. ఆదివారం నాలుగింటికి కూర్చుంటాను. ఈసారి కూడా కదలకపోతే సంతకం పెట్టేస్తాను" అంది.

ఇక నాన్న సంగతి. చెప్పొద్దన్నావు. నీ ఉత్తరం ఆయనకి మొత్తం చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. లేచి అల్మారా దగ్గరికి వెళ్ళి, సాక్సుల కింద నుంచి ఇత్తడి బిళ్ళ ఒకటి తీశాడు. మీ నాన్న బిళ్ళ. గనిలోకి దిగేటప్పుడు దీపాల గదిలో కొక్కేనికి తగిలించి, పైకొచ్చాక తీసుకునేది. ఆ కథ నాకంటే నీకే బాగా తెలుసు, నిద్రపోయేముందు రోజూ చెప్పించుకునేవాడివి. పేలుడు జరిగినప్పుడు మంట ఆరుతుందని ఇంజనీర్లు గాలి పంపే పెద్ద ఫ్యాన్ ఆపెయ్యబోయారు. నాన్న ఆ మీట ముందు చేతులు చాపి నిలబడ్డాడు. "బిళ్ళలు ఇంకా వేలాడుతున్నాయి. లోపల మనుషులున్నారు. ఆపితే నన్ను చంపి ఆపండి." ఆ గాలితో ఇద్దరు బతికొచ్చారు. మీ నాన్న రాలేదు. ఆయన బిళ్ళ కొక్కేనికే ఉండిపోయింది.

లోపల మనిషుంటే ఫ్యాన్ ఆపకూడదని ఈ మెట్లదారిలో ముసలాళ్ళ ఎముకల్లో ఉన్న మాట. నీ తండ్రి చావులోంచి వచ్చిన మాట. నువ్వు దాన్ని తీసుకెళ్ళి నీ ప్రోగ్రాముకి కాపలా పెట్టావు.

నాన్న ఆ బిళ్ళని కంప్యూటర్ పైన గోడకి మేకు కొట్టి తగిలించాడు. నేను వైరు పీకబోయాను. చెరపడం నాకు చిటికెలో పని. ఆయన లేచి యంత్రం ముందు చేతులు చాపి నిలబడ్డాడు.

"నాన్నా, లోపల ఎవడూ లేడు! అంతా మోసం!"

"ఉన్నాడు." దగ్గు. చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. ఆగాను. "రెముస్ లోపలున్నాడు. ఎంత లోతుకి దిగాడో వాడికే తెలీదు. నువ్వు పీకేస్తే వాడు పైకెలా వస్తాడు?"

"ఆదివారం అమ్మ అడుగుతుంది. బొమ్మ ఆగిపోతే ఆమె ఇక రాదు, నాన్నా."

"తెలుసు. వాడికి రాయి. వాడొచ్చి తీస్తాడు."

"రాకపోతే?"

పక్కకి తిరిగి, కళ్ళు దించుకుని కూర్చున్నాడు. ఆ రోజు తెర మీద అమ్మకి కనపడిన ముఖం ఏదో నాకప్పుడు తెలిసింది.

నేను ఆయనలాంటివాణ్ణి కాదు, రెముస్. నా చేతిలో ఉంటే ఆ బిళ్ళని నదిలో విసిరేసి, నీ పేరు ప్రతి తలుపు మీదా రాసేవాడిని. నిన్ను క్షమించలేదు. క్షమిస్తానని ఎక్కడా రాయటంలేదు. కిటికీ ఇచ్చాడని నీ మీద రాసిన కరపత్రం గీకేశాను, గోడ సున్నం కూడా ఊడొచ్చింది. ఆ చోట కొత్తది అంటించాను. అది రాస్తుంటే నాన్న వెనకాల నిలబడి ఒక్కొక్క మాటా కొట్టేయించాడు. మిగిలింది ఇంతే. ఒక నకలు నీకు పంపుతున్నాను. నెలు శనివారం సాయంత్రం టిమిషోరాలో ఉంటాడు, ఆదివారం పొద్దున బయల్దేరతాడు. నీకు ముందు సీటు ఉంచమన్నాను.

*మూడో మెట్లదారి వాళ్ళందరికీ.*

*మన కంప్యూటర్లు ఎందుకు రొప్పుతున్నాయో తెలిసింది. లోపలున్నది మనం అనుకున్న మనిషి కాదు. పెట్టినవాడే వచ్చి, అందరి ముందూ ఆ సంగతి చెప్పి, తన చేత్తో తీస్తాడు. ముందు ఆవ్రామ్ ఇంట్లో, తర్వాత ఇంటింటా. ఆయన ఇంటి గోడకి ఒక బిళ్ళ వేలాడుతోంది. దాన్ని తీసుకోవాల్సినవాడు తీసుకునేదాకా ఎవరూ ఫ్యాన్ ఆపకండి. నాలుగింటికి వియోరికా తెర మీదికొచ్చి ఒక మాట అడుగుతుంది. ఆవ్రామ్ జవాబు చెబుతాడు. ఆయన దగ్గు తీరేదాకా అందరూ ఆగాలి.*

*ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోండి. ఆదివారం, ఫిబ్రవరి 15, మధ్యాహ్నం మూడింటికల్లా అందరూ రండి.*